పేరు చూసి పరుగెత్తే చిప్పు

పోయినవారం కొలతలమ్మను మనం అక్క ఇంట్లో, భోజనాల బల్ల పక్కన వదిలేశాం. ఆమె చేతిలో ఒక రసీదు ఉంది. కొత్త ల్యాప్‌టాప్ పార్సిల్‌తో వచ్చిన రసీదు. కొన్నది బావ, అక్క కోసం. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఊదా చిప్పు. బావ పదకొండేళ్లుగా పనిచేస్తున్నదేమో పసుపు చిప్పు కంపెనీలో!

ఈ వారమే కథలో అడుగుపెట్టినవారికి రెండు ముక్కలు చెప్పాలి. కంప్యూటర్ల గురించి రాసే ఒక వారపత్రికలో కొలతలమ్మ ల్యాప్‌టాప్‌లను పరీక్షిస్తుంది. చేతికి దొరికిన దేన్నయినా కొలిచిగాని కింద పెట్టదని ఆఫీసువాళ్లు పెట్టిన పేరు అది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఈ ఏడాది పోటీ అంతా రెండు ప్రాసెసర్ల మధ్యే. కంపెనీ పేరు కనిపిస్తే మనసు ఎటో ఒకవైపు ఒరుగుతుందని ఆమె పరీక్షకు వచ్చిన ల్యాప్‌టాప్‌ల పేర్ల మీద రంగు కాగితాలు అంటించేసింది. అలా ఒకటి పసుపు, ఇంకొకటి ఊదా అయ్యాయి. మూడు వారాల పరీక్షల్లో పసుపే గెలిచింది. ఆ మాటే రాసిచ్చింది. పత్రిక శుక్రవారం సాయంత్రం ఐదింటికి అచ్చుకు వెళ్తుంది.

ఇవాళ శుక్రవారం.

రాత్రి అక్కను ఏమీ అడగకుండానే వచ్చేసింది కొలతలమ్మ. బావ ఇంకా ఇంటికి రాలేదు, అక్క ఫోన్లో ఉంది. రసీదు తీసినచోటే పెట్టి, చెప్పులేసుకుని బయటపడింది. రాత్రంతా కంటిమీద కునుకు లేదు. సొంత కంపెనీ సరుకు కాదని ఎదుటి కంపెనీ సరుకు ఎందుకు కొంటాడు? చవగ్గా వచ్చిందా? కాదే, ఉద్యోగులకు పసుపు సగం ధరకే ఇస్తారని బావే చెప్పాడు. పొరపాటున కొన్నాడా? చిప్పుల్లోనే పుట్టి పెరిగినట్టు మాట్లాడే మనిషి!

ఎనిమిదిన్నరకల్లా టెస్టు గదిలో ఉంది.

ఆ గది పొడుగ్గా, కిటికీ లేకుండా, నడవా చివర ఉంటుంది. గోడవారగా బల్ల, బల్లమీద కరెంటు ఎంత లాగుతోందో చూపే మీటరు, వేడి కొలిచే సన్నటి తీగలు, గోడ గడియారం ఉండగానే ఇంకో గడియారం. గోడ గడియారాన్ని ఆమె నమ్మదు. పసుపు ల్యాప్‌టాప్ తెరిచి 'ఉరవడి' నడిపింది. ఉరవడి అంటే చిప్పు ఎంత వేగంగా లెక్కలు చేస్తుందో చూసే ప్రోగ్రాము. పత్రికలవాళ్లందరూ వాడేది అదే. ఆరు నిమిషాల్లో ఫలితం వచ్చింది. తొమ్మిది వందల పన్నెండు. మూడు వారాలుగా వస్తున్న అంకే.

"ఇంకేం కావాలే నీకు?" అని తనను తానే కసురుకుంది.

కానీ చేతులు ఊరుకోలేదు. ఉరవడి పాడైందేమోనని వేరే డిస్కులోంచి కొత్తగా ఒక కాపీ తెచ్చి పెట్టబోయింది. ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉంది, ఇంకో పేరు పెట్టమంది ల్యాప్‌టాప్. ఏ పేరూ తోచలేదు. విసుగ్గా 'ఊరికే' అని కొట్టింది.

'ఊరికే' ఆరు నిమిషాలు నడిచింది. ఆరు వందల నలభై ఒకటి.

ముందు నవ్వొచ్చింది. వేడెక్కి ఉంటుందిలే అనుకుని మూత తీసి, చల్లారేదాకా ఆగి, మళ్లీ నడిపింది. ఆరు వందల నలభై నాలుగు. వెంటనే, చల్లారనివ్వకుండానే, 'ఉరవడి' నడిపింది. ఫ్యాను గొంతు మారింది. రివ్వున మొదలై, బల్ల మీది కాగితాలు కదిలేంత పెద్దదయింది. మీటరులో అంకె సగానికి సగం పెరిగింది. తొమ్మిది వందల తొమ్మిది.

నవ్వు ఆగిపోయింది.

ఒకటే ప్రోగ్రాము. అక్షరం తేడా లేదు. పేరు ఒక్కటే వేరు. పేరు చూసి చిప్పు లేచి పరుగెడుతోంది. పేరు తెలియకపోతే నడుం వాల్చేస్తోంది.

ఊదా ల్యాప్‌టాప్ మీద కూడా రెండు పేర్లతో నడిపింది. ఏడు వందల ఎనభై. ఏడు వందల డెబ్బై ఎనిమిది. దానికి పేరుతో పనిలేదు. పదకొండున్నర దాకా అదే పని. ఎన్నిసార్లు నడిపినా కాగితం మీద అవే అంకెలు. గెలిచింది ఊదా. మూడు వారాలుగా గెలుస్తూనే ఉంది. తనకే తెలియలేదు.

ఎడిటరు గారి గదిలోకి పోయి, "కవరు కథ ఆపండి" అంది.

ఆయన కళ్లజోడు నుదుటిమీదికి తోసుకున్నాడు. "పేజీలు కట్టేశామమ్మా. కవరు మీద పసుపు బొమ్మ కూడా వేసేశాం. మూడు వారాలు కొలిచావు, ఇవాళ కొలిస్తే మారిపోయిందా?"

"పేరు మార్చానండి. మారిపోయింది."

"ఎవరి పేరు?"

"తర్వాత చెప్తాను. నాలుగింటిదాకా ఆగండి."

"నాలుగు దాటి ఒక్క నిమిషం అయినా ఉన్నది ఉన్నట్టు పంపేస్తాను. నీ పేరుతోనే పోతుంది మరి, చూసుకో."

ఆ మాట చెవిలో పడేసరికే ఆమె మెట్లు దిగుతోంది.

*

బావ ఆఫీసు వెనక, కార్లు నిలిపే చోటుకు ఆనుకుని నాలుగు సిమెంటు బెంచీలున్నాయి. మధ్యాహ్నం పన్నెండు ముప్పావుకు ఆయన రెండు కాగితం కప్పుల్లో టీ పట్టుకుని వచ్చాడు. మనిషి పొడగరి, కొంచెం వంగి నడుస్తాడు. అక్క పెళ్లయిన కొత్తలో ఈయన లెక్కలు చెప్పబట్టే కొలతలమ్మ పరీక్ష గట్టెక్కింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాట్లాడుకోవడమంటే ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే.

"ఏంటి మరదలా, ఆఫీసు ఎగ్గొట్టి వచ్చావు? మా కాంపౌండు గోడ ఎత్తు కొలవడానికా?"

ఆమె నవ్వలేదు. కాగితం మడత విప్పి బెంచీ మీద పెట్టింది. ఒకవైపు 'ఉరవడి', ఇంకోవైపు 'ఊరికే', కింద అంకెలు.

ఆయన చూశాడు. రెండోసారి చూడలేదు. టీ కప్పు జాగ్రత్తగా బెంచీ అంచున పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

"ఊరికే అని పేరెవరు పెట్టారు?"

"నేనే."

"బాగుంది," అన్నాడు. గొంతులో మాత్రం ఏమీ బాగున్నట్టు లేదు.

"నీకు తెలుసు కదా బావా?"

ఆయన కాగితాన్ని మళ్లీ మడిచి ఆమె చేతికిచ్చాడు.

"రసీదు చూశాను. అక్కకు ఊదా కొన్నావు. నీకు తెలియకపోతే ఎందుకు కొంటావు?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి. రాసిందే నేను." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "పెద్ద పనేం కాదు. ఒక జాబితా. చిప్పు మీద ఏ ప్రోగ్రాము మొదలైనా ముందు దాని పేరు చూస్తుంది. జాబితాలో ఉంటే వేడి హద్దు ఎత్తేసి పూర్తి కరెంటు ఇస్తుంది. లేకపోతే ఒకటి రెండు నిమిషాలకే తగ్గించేస్తుంది. మొత్తం తొమ్మిది పేర్లు."

"ఎందుకు రాశావు?"

"ఊదా వాళ్లు ముందే బయటికి వచ్చేశారు. మాది ఇంకా తయారు కాలేదు. చెడ్డ చిప్పేం కాదే అది! ఉత్తరాలు రాసుకో, సినిమాలు చూసుకో, ఒక్క చార్జింగుతో రోజంతా వస్తుంది. పెద్ద పని ఆగకుండా పడితేనే వేడెక్కుతుంది. మూడు నెల్లిస్తే సరిచేసేవాళ్లం. పైవాళ్లు ఇవ్వలేదు. పత్రికలవాళ్లు పరీక్షలు పెట్టే ఆ కొన్ని వారాలు గట్టెక్కిస్తే చాలు, తర్వాత తీసేద్దాం అన్నారు. నా కింద నలభై మంది ఉన్నారు. చిప్పు అమ్ముడుపోకపోతే మొత్తం విభాగం మూసేస్తామన్నారు. సరే అన్నాను."

"తీసేశారా మరి?"

"లేదు. అంకెలు అంత బాగున్నాక ఎవరు తీస్తారు?"

ఒక కారు వెనక్కి వస్తూ కీచుమంటోంది. కొలతలమ్మకు ఇంకో సందేహం మొలిచింది. అడగకుండా ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకుంది.

"ఉరవడిని కిందటేడు తిరగరాశారు. 'ఉరవడి' అన్న పేరు అప్పుడు పెట్టిందే. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. పరీక్షించేవాళ్లకు మాత్రమే ముందుగా పంపారు. నీ జాబితాలో ఆ కొత్త పేరు ఎలా ఉంది?"

ఆయన టీ కప్పు అందుకుని, తాగకుండానే మళ్లీ పెట్టేశాడు.

"బావా."

"నీ పుట్టినరోజున... మా ఇంట్లో, వంట చేసుకుంటూ చెప్పుకొచ్చావు. ఏ పరీక్ష ఎందుకు మార్చారో, కొత్త పేరేమిటో, ఏది ఎంతసేపు నడుపుతావో."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు బావ ఉల్లిపాయలు తరుగుతున్నాడు, అక్క పక్కింటికి కుర్చీలు తేవడానికి వెళ్లింది. తన పని గురించి అంత శ్రద్ధగా వినేవాడు ఇంట్లో ఈయనొక్కడేనని ఆ రోజు ఆమె ఎంత మురిసిపోయిందో! అడిగిన ప్రతిదానికీ విడమరిచి చెప్పింది. ఒకటి రెండు ఆయన అడగనివి కూడా చెప్పింది.

"నా నోటితోనే చెప్పించుకున్నావు."

"అప్పుడు జాబితా అనే ఆలోచనే లేదు. ఒట్టు. తర్వాత వాళ్లు అడిగినప్పుడు... నాకు తెలుసు కదా, అంతే."

"అంతే!" అని ఆమె లేచి నిలబడింది. "మూడు వారాలు నేను కొలిచింది మీ చిప్పును కాదు. నేను చెప్పిన పాఠమే నాకు అప్పజెప్పింది అది. అది చూసి నేను మార్కులేశాను. రేపు పొద్దున వేలమంది చదివి, నా పేరు చూసి కొనుక్కుంటారు."

"రాయొద్దని నేను అనను."

"మరేమంటావు?"

"పది రోజులు ఆగమంటాను. లోపల చెప్పి తీయిస్తాను. తీశాక నువ్వు కొత్తగా కొలిచి రాయి. నలభై ఇళ్లు నిలబడతాయి."

"అప్పటికి ఎంతమంది కొనేస్తారు?"

టీ చల్లారిపోయింది. బావ మెల్లగా అన్నాడు. "మీ అక్క మాత్రం కొనలేదు. ఆ ఒక్కటి మాత్రం నేను చెడగొట్టుకోలేదు. ఇవాళ విచారణకు ఊదా తీసుకుపోతుంది."

అక్క పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. చెవులు వినపడనివాళ్లు ఉన్నచోట అక్క కూర్చుంటుంది. ఆస్పత్రిలో, తరగతిలో, కోర్టులో ఎవరేమన్నా, నోటికి ఆనించుకునే మాస్కు లాంటి మైకులో అదే మాటను తిరిగి పలుకుతుంది. ల్యాప్‌టాప్ ఆ మాటను అక్షరాలుగా మార్చి తెరమీద చూపిస్తుంది. గుట్టుగా ఉంచాల్సిన మాటలు కాబట్టి ఇంటర్నెట్ వాడకూడదు. పనంతా ల్యాప్‌టాప్‌లోని చిప్పే చేయాలి, గంటల తరబడి. పాతది ఆస్పత్రిలో ఒక ముసలావిడకు డాక్టరు చెబుతున్న మాట మధ్యలో మొరాయించింది. అందుకే కొత్తది కొనడం.

అప్పుడే కొలతలమ్మ ఫోను మోగింది. అక్క పంపిన ఫొటో. నున్నటి బల్లమీద కొత్త ల్యాప్‌టాప్. మూలన పసుపు కంపెనీ గుర్తు. కింద అక్క రాసిన మాటలు: "మీ బావ ఏదో తెచ్చాడు కానీ నేను నీ మాటే విన్నా. పొద్దున్నే షాపుకెళ్లి మార్చుకున్నా. పసుపే! రెండింటికి మొదలు. ఫోను కట్టేస్తున్నా."

కొలతలమ్మ ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, ఫొటోను పెద్దది చేసి, మళ్లీ చిన్నది చేశాడు.

"టైమెంత?"

"ఒకటీ పది."

"పద," అన్నాడు.

*

దారిలో వంతెన మరమ్మతు, వాహనాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. చివరి అరమైలు ఇద్దరూ నడిచారు, ఆ నడకలో సగం పరుగే. అక్క ఫోనుకు పదకొండుసార్లు చేశారు. లోపలికి పోవడానికి సంతకాలు, గుర్తింపు కార్డులు, సంచీ తనిఖీ. అందరూ కూర్చుని చూడదగ్గ విచారణే కాబట్టి వెనక వరుసలో చోటు దొరికింది. గోడ గడియారం రెండూ ఇరవై రెండు చూపిస్తోంది.

సాక్షి బల్ల దగ్గర ఉన్నాయన ముప్పై ఏళ్లు రేకులు నొక్కే ప్రెస్సు పక్కన పనిచేసిన కార్మికుడు. ఆ చప్పుడుకు రెండు చెవులూ పోయాయని, నష్టపరిహారం కోసం ఫ్యాక్టరీ మీద కేసు వేశాడు. వయసు మళ్లాక చెవుడు వచ్చినవాడు కాబట్టి సైగల భాష రాదు. ఎదురుగా ఉన్న తెర చదివి నోటితోనే జవాబు చెబుతాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని, బడిపిల్లాడిలా రెండు చేతులూ బల్లమీద పెట్టుకున్నాడు. మధ్యలో ఎత్తు కుర్చీలో విచారణాధికారిణి. ఒకపక్క ఫ్యాక్టరీ తరఫు వకీలు. ఆ మూల మాస్కు మైకుతో అక్క, ఆమె ముందు కొత్త ల్యాప్‌టాప్.

అంతదూరం నుంచి కూడా కొలతలమ్మకు ఫ్యాను వినిపించింది. కాదు, వినిపించలేదు. అదే భయం. పెద్దగా మోగాల్సిన ఫ్యాను గొణుగుతోంది.

తెరమీద అక్షరాలు నత్తనడక నడుస్తున్నాయి. అక్క పెదవులు ఎప్పుడో పలికేసిన మాట ఇప్పుడొస్తోంది. అక్క నుదుటిన చెమట. ఒక చేత్తో ఏదో నొక్కుతూనే పలుకుతోంది.

వకీలు తాపీగా అడుగుతున్నాడు. "ఫ్యాక్టరీలో చెవులకు పెట్టుకునే ప్లగ్గులు ఉండేవి, మీకు రోజూ ఇచ్చేవాళ్లు, మీరే అడ్డమని పెట్టుకునేవారు కాదు. అవునా?"

తెరమీద, 'ఫ్యాక్టరీలో చెవులకు పెట్టుకునే ప్లగ్గులు ఉండేవి' అని వచ్చి ఆగింది. కర్సరు కొట్టుకుంటోంది. మిగతాది రాలేదు.

ముసలాయన చదివాడు. ఒక్క క్షణం ఎదురుచూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి, ప్రశ్న అంతే అనుకున్నాడు.

"అవునండీ," అన్నాడు.

వకీలు తల పంకించి పేజీ తిప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"ఆగండి!" అక్క మాస్కు తీసేసి లేచింది. అలా మాట్లాడటం ఆమె పనిలో కూడని పని. "ఆయనకు సగం ప్రశ్నే కనిపించిందండీ. మిగతా సగం ఇంకా తెరమీదికి రాలేదు."

అందరూ తెర చూశారు. అప్పుడే, అందరి కళ్ల ముందే, మిగతా సగం ఒక్కసారిగా దబ్బున వచ్చి పడింది. ముసలాయన దాన్ని చదివి అటూ ఇటూ చూశాడు. "అయ్యా, నేను దీనికి అవునన్లేదు... దీనికి కాదు," అన్నాడు. చెవిటివాళ్లకు తమ గొంతు తమకు తెలియదు. అది హాలంతా మారుమోగింది.

"జవాబు నమోదైపోయింది మేడమ్," అన్నాడు వకీలు. "యంత్రం పనిచేయకపోతే వాయిదా వేద్దాం. మాకేం అభ్యంతరం లేదు."

"ఇది నాలుగో వాయిదా అవుతుంది," అంది అధికారిణి చిరాగ్గా. అక్కవైపు తిరిగింది. "ఐదు నిమిషాలు ఇస్తాను. సరిచేయగలరా?"

అక్క ల్యాప్‌టాప్ వైపు చూసింది. పొద్దున కొన్న యంత్రం. చెల్లెలు మంచిదని చెప్పిన యంత్రం. అప్పుడు చూసింది, హాలు మధ్యగా తనవైపు నడిచివస్తున్న భర్తను, వెనకే చెల్లెలిని.

"మీరిద్దరూ ఇక్కడేంటి?" అంది గుసగుసగా.

"జరుగు," అన్నాడు బావ. కుర్చీ కూడా లాక్కోకుండా మోకాళ్లమీద కూర్చుని ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. అక్క వాడే ప్రోగ్రాము పేరు 'నోటిమాట'. దాన్ని మూశాడు. పేరు మీద వేలు పెట్టి, ఆ నాలుగక్షరాలూ చెరిపేశాడు. చెయ్యి గాల్లో ఆగింది.

బావ ఏం చేయబోతున్నాడో ఆ హాల్లో కొలతలమ్మకు ఒక్కదానికే అర్థమైంది. "కొట్టు బావా," అంది.

'ఉరవడి' అని కొట్టాడు.

ఫ్యాను రివ్వున లేచింది. ముందు వరుసలోవాళ్లు మెడలు తిప్పారు. బావ మరదలి చెవి దగ్గర వంగి, "ఇరవై నిమిషాలు. ఆ తర్వాత చిప్పుకు నేను హామీ ఇవ్వలేను. హద్దు తీసేశాను కదా," అన్నాడు. ఆమె చేతి గడియారం చూసుకుంది. రెండూ ముప్పై ఒకటి.

అక్క మాస్కు ఎత్తుకుని, "వినిపిస్తోందా?" అంది. పెదవి మూసేలోపే తెరమీద అక్షరాలు పడ్డాయి.

"ప్రశ్న మళ్లీ అడగండి," అంది అధికారిణి.

వకీలు ఈసారి గబగబా అడిగాడు. అయినా ఒక్క అక్షరం వెనకబడలేదు. ముసలాయన తెరవైపు ముందుకు వంగి, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు.

"ప్లగ్గులు ఉండేవండీ. స్టోరు గదిలో, అద్దాల బీరువాలో, తాళం వేసి ఉండేవి. తనిఖీవాళ్లు వచ్చినరోజు తీసి ఇచ్చేవాళ్లు. వాళ్లు పోగానే లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవాళ్లు. ముప్పై ఏళ్లలో అవి నా చెవుల్లో ఉన్నది ఎన్ని రోజులో వేళ్లమీద చెప్పగలనండీ." వేళ్లు చూపించాడు. రెండు చేతులూ అక్కర్లేదు.

గుమాస్తా పాత జవాబును కొట్టేసి, ఇది రాసుకున్నాడు. అక్క మైకు వెనక కళ్లు మూసి తెరిచింది. ఆ తర్వాత పావుగంట ప్రశ్నలు, జవాబులు ఆగకుండా సాగాయి. కొలతలమ్మ మాత్రం వినలేదు. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూస్తోంది. వెచ్చగా, తర్వాత వేడిగా, ఆ తర్వాత చెయ్యి పెట్టలేనంతగా. రెండూ నలభై ఏడు. నాలుగింటికి ఎడిటరు గారు. ఐదింటికి అచ్చు.

వకీలు కాగితాలు బల్లమీద పడేశాడు.

"మేడమ్, నాదొక అభ్యంతరం. ఎవరో బయటి మనిషి వచ్చి, అధికారిక రికార్డు తయారుచేసే యంత్రాన్ని ముట్టుకున్నాడు. ఏదో మార్చాడు. మార్చకముందు ఒక జవాబు వచ్చింది, మార్చాక ఇంకో జవాబు వచ్చింది. ఆయనెవరో, ఏం మార్చాడో తేలకుండా ఈ సాక్ష్యం చెల్లదు. పాత జవాబే ఉండాలి."

ముసలాయన ఆ మాటలన్నీ తెరమీద చదివాడు. ఇస్త్రీ చొక్కా లోపల భుజాలు కిందికి జారాయి.

అధికారిణి కలం మూత పెట్టింది. "అభ్యంతరం సబబుగానే ఉంది. ఆయన్ని ముందుకు రమ్మనండి."

బావ లేచి నిలబడ్డాడు. మోకాళ్లకు దుమ్ము.

"మీరెవరు?"

"ఈమె భర్తనండి."

"ఏం చేస్తుంటారు?"

"ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న చిప్పు తయారుచేసే కంపెనీలో ఇంజనీరునండి."

వకీలు తల ఎత్తాడు. వెనక వరుసలో కూర్చుని అప్పటిదాకా కునుకుతున్న విలేఖరి ఒకతను మేలుకున్నాడు.

"అంతకుముందు నడవని యంత్రం మీరు ఏదో మార్చగానే ఎలా నడిచింది? రికార్డు కోసం చెప్పండి. చెప్పలేకపోతే ఆయన సాక్ష్యం పక్కన పెట్టాల్సి వస్తుంది."

బావ ముసలాయన్ని చూశాడు. తర్వాత మరదలిని. ఆమె ఏ సైగా చేయలేదు. తన కాగితం, తన అంకెలు, నాలుగింటి గడువు, అన్నీ ఆమె చేతి సంచీలోనే ఉన్నాయి. ఆ క్షణాన ఆయన ఒక్క అబద్ధం చెప్పినా చాలు. యంత్రం మళ్లీ మొదలుపెడితే సర్దుకుందంటే ఈ హాల్లో ఎవరు కాదంటారు? నలభై ఇళ్లు నిలబడతాయి. ముసలాయన సాక్ష్యమూ నిలబడవచ్చు.

రెండూ యాభై. ఫ్యాను అరుపులో సన్నటి గరగర మొదలైంది.

అక్క మాస్కు నోటికి ఆనించుకుంది. ఎవరు 'నేను' అంటే ఆమె కూడా 'నేను' అనాలి. మధ్యలో ఆగకూడదు, ఒక్క మాట మార్చకూడదు, ఆ మనిషి ఎవరైనా సరే. ఆమె పని అది. భర్త మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్లలో ఆ మొహం ఆమెకు తెలియనిది ఎప్పుడూ కాదు. ఇవాళ పోల్చుకోలేకపోతోంది.

బావ గొంతు సవరించుకున్నాడు.

"నేను..."

"నేను," అంది అక్క మైకులో. తెరమీద ఆ రెండక్షరాలు పడ్డాయి.

(సశేషం)